ఖబ్రస్తాన్ గోడ, పంచాయతీ రిజిస్టరు

(రుద్రంగిలో జరిగిన సంస్మరణ సభలో ఇచ్చిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం. కుటుంబ సభ్యుల కోరిక మేరకు అచ్చులో సారు పేరు వేయలేదు.)



ముస్లిం ఇంట్లో పుట్టి తెలుగు పండితుడై, మూడు తరాల పిల్లలకు పద్యం నోటికి వచ్చేలా చెప్పిన మనిషి గురించి ముందు మాట్లాడిన మిత్రులు చాలా చెప్పారు. నేను ఆయన చేసిన ఇంకో పని గురించి మాట్లాడతాను. పంచాయతీ శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కనుక ఆ పని నాకు దగ్గరగా తెలుసు. సారు దరఖాస్తులు రాసేవారు. బడి విడిచాక ఇంటి అరుగు మీద కూర్చుంటే పింఛను కోసం, పట్టా కోసం, దుబాయిలో ఆగిపోయిన జీతం కోసం ఎవరో ఒకరు వచ్చేవారు. అన్నిటికన్నా ఎక్కువగా చావు కాగితాల కోసం వచ్చేవారు.

మన ప్రాంతం సంగతి మీకు కొత్తగా చెప్పేదేమున్నది? సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల చుట్టూ గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ లేదు. అక్కడ మనిషి పోతే ఇక్కడ రెండు రకాల కాగితాలు పుడతాయి. హిందువుల ఇంట్లో అయితే ‘శవాన్ని మా ఊరికి పంపించండి’ అని రాయాలి. మరణ ధ్రువపత్రం, ఎంబసీ అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు, శవం చెడకుండా మందు ఎక్కించినట్టు సర్టిఫికెట్, కంపెనీ నుంచి విడుదల పత్రం అన్నీ కుదిరితేనే పెట్టె శంషాబాద్‌లో దిగుతుంది. ముస్లిం ఇంట్లో అయితే చాలాసార్లు ‘అక్కడే మట్టి చేయడానికి మాకు అభ్యంతరం లేదు’ అని వారసులు సంతకం పెట్టి పంపాలి. సారు రెండూ రాసేవారు. ఒకే అరుగు మీద, ఒకే పెన్నుతో. రెండో కాగితం రాసిన రోజు ఆయన రాత్రి అన్నం తినేవారు కాదని ఇంట్లోవాళ్ళు చెప్పారు. కొడుకు మొఖం చూడకుండానే మట్టికి ఒప్పుకుంటున్న తల్లి వేలిముద్ర అది.

దూరదేశపు ప్రభుత్వం మన శవాన్ని ఏం చేస్తుందోనన్న భయం మన ఊళ్ళలో అన్ని కులాల ఆడవాళ్ళకూ తెలుసు. అలాంటి మనం మన పంచాయతీ పరిధిలో, మన పక్కింటివాళ్ళ శవానికి ఎలాంటి నియమాలు పెట్టాం? ఆ నియమం రాసిన రోజు వాళ్ళను అడిగామా? ఈ రోజు నేను మీ ముందు పెట్టే ప్రశ్న ఇదొక్కటే.

ముందు మట్టి చేసే పద్ధతి చెబుతాను. పక్కపక్క ఇళ్ళలో ఉండి, పీర్ల పండుగకు కలిసి ఎగిరి, జనాజా వెంట ఖబ్రస్తాన్ గేటు దాకా నడిచి అక్కడ ఆగిపోయినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. లోపల జరిగేది చూసినవాళ్ళు తక్కువ.

మనిషి పోయాక ఆలస్యం చేయకూడదన్నది వాళ్ళ ఆచారం. పొద్దున పోతే సాయంత్రంలోపు, రాత్రి పోతే తెల్లారి. ఇంట్లో గుసుల్, అంటే ఆఖరి స్నానం చేయిస్తారు, మగవాళ్ళకు మూడు, ఆడవాళ్ళకు ఐదు తెల్లబట్టలు కఫన్‌గా చుడతారు. ఈ లోపల పది పన్నెండు మంది పోరగాళ్ళు గడ్డపారలు, పారలు పట్టుకుని ఖబర్ తవ్వడానికి పోతారు. మన దగ్గర గోరీ ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. తల ఉత్తరానికి, మొఖం పడమరకు, అంటే మక్కా దిక్కుకు. ఎండాకాలంలో ఈ నేల సంగతి తవ్వినవాళ్ళకే ఎరుక. పైన మట్టి, కింద మొరం, ఆ కింద రాయి తగిలితే గడ్డపార మొన వంగిపోతుంది. ఒకడు దిగి నడుము పడిపోయేదాకా తవ్వి పైకి వస్తే ఇంకొకడు దిగుతాడు. నేల గట్టిగా ఉంటే పడమటి గోడలో గూడులా తొలిచి శవాన్ని అందులోకి జరుపుతారు. మట్టి జారేదైతే నడుమ ఇంకో సన్నటి గుంత తీస్తారు. శవాన్ని దింపేది దగ్గరి చుట్టాలు. కఫన్ ముడులు విప్పి, మొఖం తిప్పి, శవం మీద మట్టి పడకుండా బండలు అడ్డం పేర్చి, సందుల్లో తడిమట్టి ముద్దలు కూరుతారు. తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరూ మూడు దోసిళ్ళ మట్టి ఇస్తారు. చివరికి జానెడెత్తు కుప్ప మిగులుతుంది. దాని మీద తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు చల్లుతారు. ఆ కుప్పను తొక్కకూడదు, దాని మీద కూర్చోకూడదు.

దీనికి పెద్ద ఖర్చు లేదు. కానీ ఏమేం కావాలో చూడండి: జాగ, అక్కడి దాకా తోవ, నీళ్ళు, రాత్రయితే ఒక లైటు, పశువులు, కుక్కలు రాకుండా గోడ. ఈ ఐదింటిలో మతానికి సంబంధించింది ఒక్కటీ లేదు. ఐదూ పంచాయతీ పనులే. శ్మశానాల బాగోగులు గ్రామపంచాయతీ బాధ్యత అని మన పంచాయతీరాజ్ చట్టమే చెబుతున్నది.

2019 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వపు పల్లె ప్రగతి కార్యక్రమం మొదలైంది. అప్పట్లో రాష్ట్రంలో పన్నెండున్నర వేలకు పైగా గ్రామపంచాయతీలు. దాదాపు ప్రతి ఊళ్ళో ఉపాధి హామీ నిధులతో వైకుంఠధామం కట్టారు. దహనానికి గద్దెలు, స్నానానికి గదులు, నీళ్ళ ట్యాంకు, ముందు కమాను. ఇది మంచి పని అని గట్టిగా చెప్పదలుచుకున్నాను. అంతకు ముందు వాగు ఒడ్డున వానలో చితి ఆరిపోయి, ఆడవాళ్ళు చెట్టు చాటున స్నానం చేసిన రోజులు చూశాను. కానీ ఆ నమూనా గీసిన బల్ల ముందు కాల్చే చావు ఒక్కటే ఉన్నది. పూడ్చే చావు ఆ కాగితం మీద లేదు. అదే ఊళ్ళో ఖబ్రస్తాన్‌కు గోడ అడిగితే ‘అది వక్ఫ్‌ది, మాకు సంబంధం లేదు’ అని ఒక ఆఫీసు, ‘మా దగ్గర నిధులు లేవు, పంచాయతీని అడగండి’ అని ఇంకో ఆఫీసు చెప్పడం నా ఉద్యోగ కాలమంతా చూశాను. ఏ ఆఫీసు అని పేరు పెట్టను, పెట్టి లాభం లేదు. రెండు ఆఫీసుల నడుమ పడి తిరిగిన దరఖాస్తులే సారు ఎక్కువగా రాసినవి.

పూడ్చే చావు ముస్లింలకు ఒక్కరికే ఉన్నట్టు మాట్లాడతాం. మన ఊళ్ళలో మాల, మాదిగల్లో ఎన్ని ఇళ్ళలో పూడుస్తారు? జంగమయ్యలు, లింగాయత్‌లు కూర్చోబెట్టి సమాధి చేస్తారు కదా? క్రైస్తవుల సంగతి సరే, చిన్నపిల్ల పోతే కాల్చే ఇంటివాళ్ళు కూడా మన్నులోనే పెడతారు. మనం బొందల గడ్డ అని పిలిచే జాగ ప్రతి ఊరికీ ఉన్నది. దానికి గోడ లేదు, తోవ లేదు, చుట్టుపక్కల పొలాలు ఏటా ఒక సాలు లోపలికి వస్తాయి. ఖబ్రస్తాన్ మీద ఫిర్యాదు మొదట ఎత్తినవాళ్ళు ముస్లింలు కావచ్చు. అది తీరితే దళితవాడ బొందల గడ్డకూ గోడ వస్తుంది. ఈ మాట సారు చాలాసార్లు అన్నారు. దరఖాస్తులో ‘ఖబ్రస్తాన్’ అని రాసిన ప్రతిచోటా పక్కన ‘మరియు బొందల గడ్డ’ అని కలిపేవారు. పక్కనున్న వేములవాడ రాజన్న గుడికి పోయినప్పుడు ప్రాకారం లోపలే ఉన్న దర్గాకు కూడా మొక్కి వస్తాం. గుడి ఆవరణలో గోరీకి చోటున్న జిల్లా మనది. ఊరి ఆవరణలో చోటు చూపించడం ఇంత కష్టం ఎందుకైంది?

ఇరుగుపొరుగువాళ్ళ వైపు ఫిర్యాదులూ ఉన్నాయి. వాటిని కొట్టిపారేయను. ‘బోరు నీళ్ళలోకి దిగుతది’ అన్న భయం అన్నిటికన్నా పెద్దది. జపాన్‌లో ఓయితా జిల్లా హిజి అనే చిన్న ఊళ్ళో ముస్లిం శ్మశానం పెట్టడాన్ని స్థానికులు ఏళ్ళ తరబడి అడ్డుకున్నారు. అక్కడా మొదట చెప్పింది నీళ్ళ భయమే. దాదాపు అందరూ దహనం చేసే దేశం అది. 2024లో ఆ శ్మశానాన్ని వ్యతిరేకించిన అభ్యర్థే మేయరుగా గెలిచాడు. ఈ భయానికి జవాబు కొలతల్లో ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో శ్మశానాలూ భూగర్భ జలాల మీద ఒక నివేదిక వేసింది. తాగునీటి బావికి తగినంత దూరం, గుంత అడుగుకూ నీటి మట్టానికీ నడుమ పొడి మన్ను ఉండాలన్నది దాని సారం. ఇది నియమంగా పెట్టండి, ఖబ్రస్తాన్‌కూ బొందల గడ్డకూ ఒకేలా పెట్టండి, ఖబ్రస్తాన్ చూసుకునే ఏ ముతవల్లీ కాదనడు. కొలత అడిగితే నియమం, కొలవకుండానే వద్దంటే అది వేరే.

ఆ వేరేదాన్ని మనం 2020లో చూశాం. మార్చి 30న ముంబై నగరపాలక సంస్థ కొవిడ్ శవాలన్నిటినీ మతంతో పని లేకుండా కాల్చాలని సర్క్యులర్ ఇచ్చి, అదే రోజు వెనక్కి తీసుకున్నది. పూడ్చడాన్ని ఆపాలని వేసిన పిటిషన్‌ను బొంబాయి హైకోర్టు మే నెలలో కొట్టేసింది. శ్రీలంకలో అలా వెనక్కి తీసుకోలేదు. 2020 ఏప్రిల్ నుంచి 2021 ఫిబ్రవరి దాకా అందరినీ కాల్చాల్సిందే అన్నారు. ఇరవై రోజుల పసికందునూ కాల్చారు. పూడిస్తే రోగం పాకుతుందన్న ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట్లోనే చెప్పినా వినలేదు. 2024 జూలైలో ఆ దేశ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. భయం పట్టినప్పుడు నిప్పునూ వదల్లేదు: నెల్లూరు డాక్టరు ఒకరు చెన్నైలో కొవిడ్‌తో పోతే అంబత్తూరు శ్మశానంలో కాల్చనివ్వలేదు అక్కడి జనం. హైదరాబాద్ శివారులో అదే ఏడాది ఒక ముస్లిం గుండెపోటుతో పోతే ఆరు ఖబ్రస్తాన్‌లు జాగ లేదన్నాయి. చివరికి హిందూ శ్మశానంలో జాగ ఇచ్చి, ఇద్దరు హిందూ యువకులు దగ్గరుండి ఖననం చేయించారు. ఈ కథ చెప్పినప్పుడు అందరూ మతసామరస్యం అని చప్పట్లు కొడతారు. కొట్టాల్సిందే. కానీ ఆ ఆరు గేట్ల దగ్గర ఏం జరిగిందో కూడా అడగాలి. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

సముద్రం అవతలి ఒక కేసు చెబుతాను, ఎందుకంటే అక్కడ కౌన్సిల్ కూడా చెడ్డది కాదు, ఫిర్యాదు చేసినవాడూ మొండివాడు కాడు. ఇంగ్లండ్‌లో వాల్సాల్ అనే పట్టణం. స్ట్రీట్లీ శ్మశానంలో ఒక ముస్లిం కొడుకు తన తండ్రి గోరీ చుట్టూ నాలుగంగుళాల ఎత్తు గట్టు కట్టుకుంటానని అడిగాడు. గోరీని ఎవరూ తొక్కకూడదన్నది అతని నమ్మకం. శ్మశానమంతా పచ్చిక, యంత్రంతో కోయాలి, గట్లు ఉంటే కుదరదు అని కౌన్సిల్ అన్నది. మట్టి కుప్ప మాత్రం నాలుగంగుళాల దాకా పెట్టుకోనిచ్చింది. కేసు హైకోర్టు దాకా పోయింది. 2019 జనవరిలో కోర్టు కౌన్సిల్ నియమమే సబబని చెప్పింది. తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది, నాకు అతని మీద జాలి కలిగింది. అయినా ఆ తీర్పులో మనం నేర్చుకోవాల్సింది ఉన్నది. ఆ కౌన్సిల్ నియమం రాతలో ఉన్నది. ఎందుకు పెట్టిందో చెప్పగలిగింది. గట్టుకు బదులు కుప్ప ఇవ్వగలిగింది. ఓడిపోయినవాడికి కూడా తన తండ్రి ఎక్కడున్నాడో, ఎంతకాలం ఉంటాడో తెలుసు. మన దగ్గర ఖబ్రస్తాన్ మీద రాతపూర్వకమైన నియమం అసలు ఏ పంచాయతీలో ఉన్నది? ఉన్నదంతా నోటిమాట. నోటిమాట మనిషిని బట్టి మారుతుంది.

ఇంగ్లండ్‌లో ముస్లింలకు మొదట చోటిచ్చిన శ్మశానం వోకింగ్ దగ్గరి బ్రూక్‌వుడ్, 1884లో. అక్కడ ఉన్నవాళ్ళలో మన హైదరాబాద్ మనిషి ఒకరున్నారు: మార్మడ్యూక్ పిక్తాల్. ఇంగ్లండ్‌లో పుట్టి, ఇస్లాం తీసుకుని, నిజాం కొలువులో చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాల్‌గా పనిచేసి, ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చి 1936లో కన్నుమూశారు. కొద్ది దూరంలోనే అబ్దుల్లా యూసుఫ్ అలీ, ఆయనా కొన్నాళ్ళు నిజాం ప్రభుత్వంలో పనిచేసినవారే. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళకు ఒక మూల జాగ గీసి ఇవ్వడానికి ఆ కాలపు శ్మశానం కంపెనీ వాళ్ళకు ఏ గొడవా అడ్డు రాలేదు.

మనకు దగ్గరగా, ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో 2025 జనవరిలో జరిగింది ముస్లిం చావు కాదు, క్రైస్తవ పాస్టరుది. ఊళ్ళో క్రైస్తవులకు శ్మశానం లేదన్నారు, సొంత పొలంలో పెట్టుకుంటామంటే నియమాలు ఒప్పవన్నారు. శవం మార్చురీలో వారాల తరబడి ఉన్నది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా చెప్పారు. సొంత భూమిలో పెట్టుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న, కేటాయించిన చోటే పెట్టాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ. శవం ఇంకా ఆగకూడదని, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని శ్మశానానికి పంపారు. పంచాయతీ ముందే ఒక మూల గుంట జాగ చూపించి ఉంటే ఆ కొడుకు ఢిల్లీ దాకా పోవాల్సిన పని లేదు.

ఇక సౌదీలో జరిగిన ఒక సంగతి. 2021 జనవరిలో హిమాచల్‌కు చెందిన ఒక హిందూ కార్మికుడు అక్కడ చనిపోయాడు. కాగితాల అనువాదంలో మతం తప్పు పడి, అతన్ని ముస్లిం పద్ధతిలో పూడ్చిపెట్టారు. భార్య ఢిల్లీ హైకోర్టుకు పోయింది. కొన్ని నెలలకు అవశేషాలు తవ్వి తీసి పంపారు. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు సారు దాన్ని కత్తిరించి దగ్గర పెట్టుకున్నారు. ఆయన పెట్టెలో ఇంకా ఉన్నది, అబ్బాయి చూపించాడు. మార్జిన్‌లో పెన్సిలుతో ‘ఈమె అడిగిందే మనమూ అడుగుతున్నాం’ అని రాసుకున్నారు. తన మతపు పద్ధతిలో మట్టి దొరికిన శవం కోసం కాదు, ఆ పద్ధతి అక్కర్లేని మనిషికి అది అంటగట్టారని ఒక ముస్లిం పండితుడు బాధపడ్డాడు. ఆయన ఎలాంటి మనిషో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకలేదు.

ఇప్పుడు హైదరాబాద్ శివారులోని ఆ ఆరు గేట్ల సంగతి. ఖబ్రస్తాన్ కమిటీల్లో కూర్చున్న పెద్దలు ఈ సభలో ఉన్నారు, వాళ్ళను గౌరవిస్తూనే చెబుతున్నాను. బయటి ఊరివాడని, ఇస్లాంలోనే వేరే మస్లక్‌వాడని, బతికుండగా చందా కట్టలేదని శవాన్ని గేటు దగ్గర ఆపడం పంచాయతీ చేసే అన్యాయం కన్నా చిన్నది కాదు. జాగ తక్కువున్న చోట సిమెంటు, పాలరాయితో పక్కా గోరీలు కట్టి తరతరాలకు రిజర్వు చేసుకోవడాన్ని పంచాయతీ ఆపితే అందులో మతానికి వ్యతిరేకం ఏమీ లేదు. గోరీ మీద కట్టడాలను ఎందరో ఉలేమాలే వద్దన్నారు. ఇంకొకటి, రిజిస్టరు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం శ్మశానం నడిపేవాళ్ళు కూడా మరణ సమాచారం ఇవ్వాలి, గడువు 21 రోజులు. మన ఖబ్రస్తాన్‌లలో ఎన్నింటిలో రిజిస్టరు ఉన్నది? రాయని చావుకు ధ్రువపత్రం ఆలస్యమైతుంది. అది లేకపోతే భార్యకు ఆసరా పింఛను లేదు, రైతుబీమా ఐదు లక్షలు లేవు, పట్టా వారసులకు ఎక్కదు. నేను సీట్లో ఉన్న రోజుల్లో ఏళ్ళ కిందట పోయిన భర్త సర్టిఫికెట్ కోసం సాక్షులను వెంటబెట్టుకుని తిరిగిన ముసలమ్మలను చూశాను. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను ఉంటే తీరే బాధ అది.

రిజిస్టరు ఇంకొక పనికి కూడా కావాలి. తాతల నాటి నుంచి గోరీలు పెడుతున్నాం కనుక ఇది ఖబ్రస్తాన్ అని చెప్పే జాగలు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. దానపత్రం లేదు, వాడుకే సాక్ష్యం. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ చట్టం మారింది. ఇక ముందు వాడుక ఒక్కటే ఆధారంగా కొత్తగా వక్ఫ్ అనడానికి వీల్లేదు. ఇదివరకే నమోదై, తగాదాలో లేని, సర్కారు భూమి కాని జాగలకు మాత్రం రక్షణ ఉన్నది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను ఆపింది కానీ దీన్ని ఆపలేదు. ఆ చట్టం మంచిచెడ్డల మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, ఈ సభకు అవి అక్కర్లేదు. ఊళ్ళో గోరీలున్న ప్రతి జాగకు సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, ఏటా ఎవరెవరిని పెట్టారన్న రాత ఇప్పుడు లేకపోతే రేపు చూపించడానికి ఏమీ ఉండదు. దళితవాడ బొందల గడ్డకు వక్ఫ్ బోర్డు కూడా లేదు, దానికి ఉన్నది పంచాయతీ తీర్మానమే.

సారు చివరి రోజుల్లో రాస్తూ సగంలో విడిచిన దరఖాస్తు ఒకటి ఇంట్లో దొరికింది. మిగతా సగం మేము కొందరం కలిసి పూర్తి చేశాం. ఊళ్ళోని అన్ని శ్మశానాలకు, కాల్చేవాటికీ పూడ్చేవాటికీ కలిపి, ఒకే రాతపూర్వక నియమావళి ఉండాలని అందులో అడుగుతున్నాం. దాన్ని రాసే కమిటీలో ఖబ్రస్తాన్ ముతవల్లి, దళితవాడ పెద్ద, జంగమయ్య, పాస్టరు, గల్ఫ్ నుంచి శవపెట్టె అందుకున్న ఇంటి ఆడమనిషి ఒకరు కూర్చోవాలి. సర్వేయర్‌ను పిలిచి హద్దురాళ్ళు పాతాలి. బావికీ బొందకూ దూరం కొలిచి గోడ మీద రాయాలి. రాత్రి పూట ఎవరు పోయినా లైటు, నీళ్ళ ట్యాంకరు ఏ నంబరుకు ఫోన్ చేస్తే వస్తాయో పంచాయతీ బోర్డు మీద ఉండాలి. బయటి ఊరి శవం, దిక్కులేని శవం వస్తే ఏ గేటూ మూయకూడదు. వచ్చే గ్రామసభలో దీన్ని చదివి వినిపిస్తాం. తీర్మానం పుస్తకంలో ఎక్కేదాకా అక్కడి నుంచి లేవం. కాగితం బయట బల్ల మీద పెట్టాం, పక్కన స్టాంపు ప్యాడు కూడా ఉన్నది. ముతవల్లి గారు, దళితవాడ పెద్దలు మొదటి సంతకాలు పెట్టారు. చదివి, మార్పులుంటే అక్కడున్న పిల్లలకు చెప్పి, తర్వాతే సంతకం పెట్టండి.